చివరి అంకె

మార్చి పదకొండున పొద్దున్న కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. వాసన పడక మా అమ్మాయి తన గుడ్డు నా పళ్ళెంలో వేసింది. ఎందుకని నేను అడగలేదు. అంతలో పైఅంతస్తు ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది.

"తాతగారయ్యేవేళ ఆ ముభావం ఏమిటి అన్నయ్యగారూ?"

అమ్మాయి మొహం పాలిపోయింది. ఇప్పటికే ఇద్దరిని కడుపులోనే పోగొట్టుకుంది. ఈసారి మూడో నెల దాటేదాకా అల్లుడికి తప్ప ఎవరికీ చెప్పకూడదనుకుంది.

"మీకెవరు చెప్పారు అత్తయ్యగారూ?"

"ఒకరు చెప్పాలా? ల్యాబులో నా వెనకే నిలబడ్డావుగా! ఫోనుకొచ్చిన నా రిపోర్టు లింకు చివర నాలుగుంది. అయిదు కొట్టా, నీది వచ్చింది. మన అపార్టుమెంటులో అందరూ ఎంత సంతోషించారో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకుని నేరుగా ల్యాబుకు వెళ్ళాను.

"అంకె మార్చి చూడడం ఆవిడ తప్పండీ," అన్నాడు మేనేజరు.

"తప్పే. అందరి బీరువాలకూ ఒకే తాళంచెవి చేసింది మాత్రం నువ్వు."

"పోనీ, రిపోర్టుల్లో పేర్లు తీయించేస్తాం."

"వరసలో వెనక ఎవరున్నారో తెలిసినవాళ్ళకి పేరెందుకయ్యా? ఒక్కొక్కరికీ ఊహకందని పొడవాటి గుర్తు ఇవ్వు. అదీ వాళ్ళ ఫోనుకు వచ్చిన ఓటీపీ కొడితేనే తెరుచుకోవాలి."

"సాఫ్ట్‌వేరు వాళ్ళూ అదే అన్నారు. కౌంటర్లో చదవడం కష్టమని నేనే వద్దన్నా. వచ్చే నెల చూద్దాం లెండి. మేమూ ఇక్కడే చేయించుకుంటాం. మొన్న సోమవారం మా ఆవిడకి కూడా..."

నా చక్కెర పరీక్షా ఆ సోమవారమే జరిగింది. నా లింకు తెరిచి, అతని ముందే చివరి అంకె ఒక్కొక్కటే తగ్గిస్తూ పోయాను.

"ఆపండి సార్! ఆపండి!"

ఫోను బోర్లా పెట్టాను. అతని బ్యాడ్జీ మీదున్న ఇంటిపేరే తెరమీద కనిపించింది; అది తప్ప ఏమీ చదవలేదు. అతను వెంటనే సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఫోన్ చేశాడు. "లింకులన్నీ ఈ క్షణమే ఆపెయ్యండి. కొత్త గుర్తులు వచ్చేదాకా కాగితాలే ఇద్దాం."

"నా కూతురిదైతే వచ్చే నెల. మీ ఆవిడదైతే ఈ క్షణమా?" అన్నాను. నా కోపం తగ్గలేదు.

లింకులన్నీ ఆగేదాకా అక్కడే ఉండి, చీకటి పడ్డాక ఇల్లు చేరాను. అమ్మాయి దీపం వెయ్యకుండా కూర్చుని ఉంది.

"ఆవిడ నోరు మూయించలేను తల్లీ. ఆ దారైతే మూయించాను."

"నీకైనా నేనే చెప్పాలనుకున్నా నాన్నా."

"అయితే చెప్పు. నాకింకా ఏం తెలీదు."

లేచి దీపం వేసింది. తర్వాత చెప్పింది, చాలా మెల్లగా, భయంతోనే. మొదటిసారి విన్నట్టే విన్నాను. తను వెళ్ళి పడుకున్నాక, చప్పుడు కాకుండా గది తలుపు దగ్గరికి లాగి మూశాను.