పురుగు కార్డు అడగదు

డాక్టరు గది కిటికీకి నాలుగడుగుల ఇవతల కాపలావాడు చీపురుకర్ర అడ్డంగా పట్టుకున్నాడు. గజ్జి ఉన్నవాళ్లెవరూ దాన్ని దాటకూడదు. గుల్‌బఖ్త్ కర్రకి ఇవతలే ఆగి కూతురి మొహం పైకెత్తి చూపించింది. మహ్‌గుల్‌కి ఏడేళ్లు. కళ్లు వాచి మూసుకుపోయాయి, వేళ్ల సందుల్లో గోకిన పుళ్లు చీముపట్టాయి. పొద్దున పోసిన మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. పుళ్ల విషం కిడ్నీలకి ఎక్కినట్టుందనీ, ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలనీ నర్సు కల్యోపి కిటికీలోంచి చెప్పింది. కాపలావాడు ఆమె శరణార్థి కార్డు తీసుకుని యంత్రం మీద పెడితే ఎర్ర దీపం వెలిగింది.

"నీ ఆశ్రయం అర్జీ రెండోసారీ కొట్టేశారు. కార్డు చచ్చింది. చచ్చిన కార్డుకి అంబులెన్సు రాదు."

"కార్డు చస్తే చచ్చింది. పిల్ల బతికే ఉంది కదయ్యా," అంది గుల్‌బఖ్త్.

వాడు చీపురుకర్ర కొసతో పిల్లని వెనక్కి నెట్టాడు. వరసలో నిలబడ్డవాళ్లంతా చూశారు.

ఆస్ప్రోలోఫో శిబిరంలో అఫ్గాన్లున్నారు, కాంగోవాళ్లున్నారు, సిరియా కుర్దులున్నారు. గ్రీసు ప్రభుత్వం వాళ్లకి సరిపడా పడకలివ్వలేదు, నీళ్లివ్వలేదు. గజ్జి మాత్రం అందరికీ సమానంగా అందింది. ఒకే రోజున అందరూ మందు పూసుకుంటే తప్ప ఇది పోదని డాక్టరే చెప్పాడు. చెప్పి, ప్రాణమున్న కార్డులవాళ్లకే మందిచ్చాడు. వాళ్లు మెడ నుంచి పాదాల దాకా పూసుకునేవాళ్లు, దుప్పట్లు ఉడకబెట్టుకునేవాళ్లు. పక్క గదిలో మందు లేనివాళ్ల పిల్లలతో వీళ్ల పిల్లలు ఆడుకునేవాళ్లు. మళ్లీ గోకుడు మొదలు.

గజ్జి సంగతి ఫైలుకెక్కితే ఆశ్రయం ఇవ్వరని ఎవరు పుట్టించారో ఒక పుకారు పుట్టించారు. దాంతో మండువేసవిలో కూడా అందరూ పొడుగు చేతుల చొక్కాల్లో ఉడికిపోయారు. గుల్‌బఖ్త్ కూడా కూతురి చేతులకి మేజోళ్లు తొడిగి దాచింది. ఊరి బస్సువాడు వీళ్లని చూస్తే ఆపడు. బడిలో పంతులమ్మ వీళ్ల పిల్లల్ని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది. పీచ్ పళ్ల తోటల కాంట్రాక్టరు వ్యాన్లు మాత్రం వీళ్లని కోతకి ఎక్కించుకుపోడానికి ఒక్క పొద్దూ తప్పకుండా వస్తాయి. బస్సు సీటుకి అంటుకునే గజ్జి పళ్లకి అంటుకోదట. ఎంత సిగ్గులేని వైద్యశాస్త్రమో చూడండి.

ఆ పొద్దున కూడా గేటు బయట వ్యాన్లు హారన్లు కొడుతున్నాయి. బట్టలుతికే షెడ్డులో మాత్రం జనం గుమిగూడారు. గుల్‌బఖ్త్ ఒళ్లో పిల్ల మూలుగుతోంది. కుర్దు మంగలి షేర్వాన్‌కి ప్రాణమున్న కార్డుంది. కార్డు లేనివాళ్లని శిబిరం చివరికి తోసేస్తే పీడ విరగడవుతుందన్నాడు. తను ఎన్నిసార్లు మందు పూసుకున్నా వీళ్లవల్లే మళ్లీ అంటుకుంటోందనీ, తన చేత గడ్డం గీయించుకునే నాథుడే లేకుండా పోయాడనీ చిందులు తొక్కాడు.

కాంగో ముసలమ్మ ఒదెత్ ఉతుకుతున్న దుప్పటి పక్కన పెట్టింది. "నీ తోలులో దూరేముందు ఆ పురుగు నిన్ను కార్డు అడిగిందా నాయనా? పురుగుకున్న పాటి బుద్ధి నీకు లేకపోయింది."

జనం నవ్వారు. షేర్వాన్ తల దించుకున్నాడు. గుల్‌బఖ్త్ పిల్లని పక్కన పడుకోబెట్టి లేచి, చొక్కా చేతులు రెండూ మోచేతుల దాకా మడిచింది. తన పుళ్లని మనుషుల ముందు పెట్టడం ఆమెకి అదే మొదలు.

"దాచాను. దాచి దాచి నా పిల్లని నేనే ఈ గతికి తెచ్చాను. ఇంక దాచను. ఇవాళ దీన్ని ఆసుపత్రికి పంపాలి. మందు అందరికీ ఒకే రోజున ఇవ్వాలి. అప్పటిదాకా కార్డున్నవాళ్లు కూడా మందు ముట్టుకోకండి, ఎవరూ పనికి వెళ్లకండి."

"మనం మందు మానేస్తే వాళ్లకేం పోయింది ఖాలా? గోక్కుంటూ చచ్చేది మనమే," అన్నాడు షేర్వాన్.

"ఆ హారన్లు వినపడట్లేదా? పళ్లు పండి ఉన్నాయి. మనం వెళ్లకపోతే ఎవడు కోస్తాడు?"

షేర్వాన్ గేటు వైపు చూశాడు. కాసేపటికి అతనూ చొక్కా చేతులు మడిచాడు.

వ్యాన్లకి ఎదురుగా గేటు నిండా కూర్చున్నారు. అందరి చేతులూ పుళ్లు కనపడేలా బయటే ఉన్నాయి. శిబిరం డైరెక్టర్ స్టెర్యోస్ పోలీసుల్ని వెంటేసుకొచ్చి లేపమన్నాడు. పోలీసులు ఆ చేతుల్ని చూసి ఉన్నచోటే ఆగిపోయారు.

"రండయ్యా, ముట్టుకోండి," అని గుల్‌బఖ్త్ చేతులు చాపింది. వెనకాల వందల చేతులు చాచుకున్నాయి. మనుషుల్ని అంటరానివాళ్లని చేసిపెట్టినవాడికి, వాళ్లని అంటుకోక తప్పని రోజున చేతులు రావు. డైరెక్టరు గ్లౌజుల కోసం ఊళ్లోకి మనిషిని పంపాడు.

ఈలోగా తోట యజమాని ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఎండకి పళ్లు మెత్తబడుతున్నాయి. ఆ కేకలు విన్నాక డైరెక్టరు గొంతు తగ్గింది. అందరూ లేచి పనికి వెళ్తే పిల్లకి అంబులెన్సు పిలిపిస్తానన్నాడు, పిల్ల ఒక్కదానికే.

అందరూ గుల్‌బఖ్త్ వైపు చూశారు. లేవండి అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఆ మాట అన్నా ఆ తల్లిని తప్పుపట్టేవాళ్లు అక్కడ లేరు. ఆమె కంటే ముందు షేర్వాన్ మాట్లాడాడు.

"అంబులెన్సుకి దారిస్తాం. నీకివ్వం."

అయితే అంబులెన్సు రాదన్నాడు డైరెక్టరు. తను అప్పుడే ఫోన్ చేసేశానని కల్యోపి వెనకనుంచి అంది. నీ ఉద్యోగం పోయిందనుకో అని అతను అరుస్తుండగానే రోడ్డు మీద సైరన్ వినిపించింది.

జనం రెండుగా చీలి దారిచ్చారు. కల్యోపి పిల్లని ఎత్తుకుని బండెక్కింది. చచ్చిన కార్డు గేటు దాటడానికి వీల్లేదని కాపలావాడు చీపురుకర్ర అడ్డం పెట్టి తల్లిని ఆపేశాడు. బండి తలుపు మూసుకునేదాకా మహ్‌గుల్ అమ్మని పిలుస్తూనే ఉంది. గుల్‌బఖ్త్ గుండె పగిలింది. బండి వెనక పరుగెడుతుందేమోనని ఒదెత్ ఆమె కొంగు పట్టుకుంది. ఆమె పరుగెత్తలేదు. వెనక్కి వచ్చి, అంబులెన్సు కోసం విడిచిన ఖాళీలో కూర్చుంది.

మధ్యాహ్నానికి గ్లౌజులు వచ్చాయి. మొదట ఆమెనే ఈడ్చారు. జుట్టు పట్టుకుని గేటు పక్క రేకుల గదిలో తోసి తాళం వేశారు. ఇంకొందరి తలలు పగిలాయి. ఈడ్చినవాళ్ల చోట్లో వెనకవాళ్లు వచ్చి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున మైకులో కార్డున్నవాళ్లని మందుకి రమ్మని పిలిచారు. ఎవరూ వెళ్లలేదు. ఉద్యోగం పోయిన కల్యోపి ఆ రేకుల గది కిటికీ దగ్గరికి వచ్చింది. మహ్‌గుల్‌కి వాపు తీస్తోందనీ, గండం గడిచిందనీ చెప్పింది. గుల్‌బఖ్త్ కిటికీ ఊచలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది.

"మందు అందరికీ ఇచ్చారా?"

"లేదు. నీ పిల్ల దక్కింది కదా, మీవాళ్లని లేవమని నువ్వు చెబితే నిన్ను వదిలేస్తానని డైరెక్టరు చెప్పమన్నాడు."

"దక్కిన పిల్ల మళ్లీ ఈ గదుల్లోకే కదమ్మా రావాలి. ఒక్కళ్లు మిగిలినా దానికి మళ్లీ అంటుకుంటుంది. లేవొద్దన్నానని చెప్పు."

కల్యోపి ఆ మాట గేటు దగ్గరికి మోసుకెళ్లింది. ఒదెత్ పక్కకి జరిగి ఆమెకి కూడా చోటిచ్చింది.