నలభై ఏడో పేజీలో సిరా

నేను ఒక లెక్కల పుస్తకాన్ని. వయసు రెండువందల ఏళ్లు దాటింది. బెర్లిన్‌లో హీబ్రూ అక్షరాల్లో అచ్చయ్యాను. నన్ను రాసినవాడు అన్షెల్ అనే యూదు పంతులు. మతగ్రంథాలు వల్లించే పిల్లలకు భిన్నాలూ వైశాల్యాలూ కూడా వస్తే కొంపేమీ మునగదని అతని నమ్మకం. ఉత్త అమాయకుడు.

మొదటి పేజీ దేవుడిది. ఆ తర్వాత తొమ్మిది పేజీలూ, అచ్చు కాకముందే నన్ను మెచ్చుకున్న బెర్లిన్ పెద్దల పేర్లు. జ్ఞానోదయ యుగం వచ్చేసిందని కాఫీ తాగుతూ ఉపన్యాసాలిచ్చే బాపతు. నేను చేతికి రాగానే ఒక్కొక్కరూ తమ పేరు వెతుక్కున్నారు, బిరుదు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నారు, మూసేశారు. లెక్కల దాకా వచ్చిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

అన్షెల్ నన్ను చంకన పెట్టుకుని పోలండ్ సరిహద్దులో ఉన్న తన ఊరికి వెళ్లాడు. బడిలో పాఠం మొదలుపెట్టి వారం తిరగకుండానే పెద్దలు సభ పెట్టారు. పుస్తకాన్ని కాల్చాలట, పంతుల్ని వెళ్లగొట్టాలట. నన్ను తెరిచి చూసినవాడు ఆ గదిలో లేడు. తెరవకుండానే అన్నీ తెలిసిపోయే మేధావులు వాళ్లు.

అన్షెల్ ఒక్కటే అడిగాడు. "రబ్బీ గారూ, ఒక్కసారి చివరిదాకా చదవండి. ఆ తర్వాత పొమ్మంటే పోతాను."

"చదవకూడనిదని తెలుసుకోడానికి కూడా చదవాలా ఏంటయ్యా?" అన్నారు మతగురువు ఫైవిష్ గారు. సభంతా నవ్వింది. మర్నాడే అన్షెల్ భార్యతో బండెక్కాడు.

నన్ను మంట దగ్గరికి తీసుకెళ్తుంటే ప్రార్థనాలయం సేవకుడు గంపెల్ అడ్డొచ్చాడు. "ఆగండి! లోపల దేవుడి పేరుందేమో చూశారా? ఉంటే కాల్చగూడదు గదా, అటక మీద పెట్టాలి."

అది వాళ్ల ఆచారం. "సరే, నేనే వెతుకుతాలే" అని ఫైవిష్ గారు నన్ను ఇంటికి తీసుకెళ్లారు.

దేవుడి పేరు మొదటి పేజీ మొదటి వరుసలోనే ఉంది, వేలెడు పొడుగు అక్షరాల్లో. ఆయన మాత్రం పన్నెండు రోజులు వెతికారు. భిన్నాల్లో వెతికారు, వైశాల్యాల్లో వెతికారు. కోడలు భోజనానికి పిలిస్తే "ఇంకా దొరకలేదమ్మా" అన్నారు. నలభై ఏడో పేజీలో అన్షెల్ ఒక గుణకారం తప్పు చేశాడు. ముసలాయన కలం తీసి దిద్దారు, అంచున లెక్కంతా చేసి చూపించారు. చివరి పేజీ కూడా అయ్యాకే మళ్లీ మొదటి పేజీకి వచ్చి, "దొరికింది" అని గంపెల్‌కు కబురు పెట్టారు. అన్షెల్‌కు మాత్రం ఏ కబురూ పెట్టలేదు. అంతటి పెద్దమనిషి!

నూరేళ్లకు పైగా అటక మీద దుమ్ము తిన్నాను. ఇప్పుడు మ్యూజియంలో అద్దం కింద ఉన్నాను. 'మతపెద్దలు చదవకుండానే నిషేధించిన గ్రంథం' అని పక్కన చీటీ పెట్టారు. పండితులు వచ్చి ఆ చీటీ చదువుతారు, అయ్యో అని తలాడిస్తారు, వెళ్లిపోతారు. లోపలేముందో వాళ్లూ చూడరు.

అన్షెల్ ఏ ఊళ్లో పోయాడో నాకు తెలియదు. తన పుస్తకం చివరిదాకా చదివి తప్పు దిద్దిన ఒకే ఒక్క మనిషి, తనను గెంటేసినవాడేనని అతనికి ఎవరూ చెప్పలేదు. సాక్ష్యం నా నలభై ఏడో పేజీలో ఉంది. నన్నేమో మొదటి పేజీ దగ్గర తెరిచి పెట్టి తాళం వేశారు.