మోత బండి

పక్కన అడుగు పెట్టుకోవడానికి ఒక మెట్టు వేయించి ఉండాల్సింది, వేయించలేదు, ప్రతి ఆదివారం ఇదే తంతు, మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి బండిని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, పట్టీ పట్టుకుని, ఒక కాలు ఎత్తి, ఆగి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున ఎక్కుతుంది, ఎక్కాక మోకాలు రుద్దుకుంటుంది, చెయ్యి అందించబోతే వద్దండీ నేను ఎక్కుతాను అంటుంది, వారం మొత్తంలో నాతో ఆడే పది పన్నెండు మాటల్లో మూడు అక్కడే ఖర్చయిపోతాయి, పాత బండికి ఈ బాధ లేదు, మనిషి దగ్గరికి వస్తే చాలు అదే వంగేది, నిజంగానే వంగేది, ఎక్కేవాళ్ళ కోసం రెండంగుళాలు కిందికి దిగేది, సీటు వెచ్చబడేది, తలుపు వేస్తే దిండు మీద తల పెట్టినంత చప్పుడు, అలాంటి పల్లకీని ఇచ్చేసి ఈ ఇనప రోలు తెచ్చుకున్నావేంటి బావా అన్నాడు మా బావమరిది, మొదటిరోజు ఇందులో ఊరు ఒక చుట్టు చుట్టి దిగి రెండు చేతులతో నడుం పట్టుకుని, వయసు మీద పడేకొద్దీ జనం మెత్తటి బండికి మారతారు, నువ్వేంటి రివర్సులో పోతున్నావు, తలకి దెబ్బైనా తగల్లేదు కదా ఇంత పిచ్చి పట్టడానికి అన్నాడు, రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలారా అని నవ్వేశాను, కొండలెక్కాలని ఎప్పటినుంచో కోరిక అన్నాను, యాభై రెండేళ్ళొచ్చాయి ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అన్నాను, అందరికీ ఇదే చెప్పాను, ఒకే అబద్ధం పదిమందికి చెబితే పదకొండోవాడిగా మనమే నమ్ముతాం, నేనూ కొన్నాళ్ళు నమ్మాను.

తాళం తిప్పగానే కాళ్ళ కింద రేకు వణికింది, గేరు కర్ర వణికింది, అద్దం వణికింది, ఆవిడ ఒళ్ళో సంచీ మీది జిప్పు కూడా గలగలమంది, హమ్మయ్య అనుకున్నాను, చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్ళలోకి వస్తుంది ఈ బండిలో, దీన్ని ఎంచుకున్న పద్ధతి ఎవరికైనా చెబితే నన్ను ఆసుపత్రిలో చేరుస్తారు, నేను పనిచేసేదీ ఆసుపత్రిలోనే అనుకోండి, వినికిడి పరీక్షలు చేస్తాను, ఇరవై ఆరేళ్ళుగా, చప్పుడు చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కండి, సందేహమైనా నొక్కండి అని చెప్పి, గాజు పలక ఇవతల కూర్చుని వాళ్ళ మొహాలు చూస్తుంటాను, అక్కడ వాడే శబ్దం కొలిచే మీటరు జేబులో పెట్టుకుని బళ్ళ షాపులకు వెళ్ళాను, జనం మైలేజీ అడుగుతారు, సీట్లు నొక్కి చూస్తారు, నేను మీటరు తీసి, బండి రోడ్డు మీద నడిపి చూపించమన్నాను, పాత బండి ఎనభై వేగంలో అరవై డెసిబెల్స్, ఇది డెబ్భై తొమ్మిది, షాపతను మెడ చేత్తో రుద్దుకుంటూ కొంచెం సౌండ్ ఉంటుంది సార్, మీరు ఊ అంటే అడుగున మందంగా షీట్లు వేసిస్తాం, సగానికి సగం పడిపోతుంది అన్నాడు, వద్దు, ఇంతకంటే మోత చేసేది ఇంకేమైనా ఉందా అన్నాను, అతను నన్ను ఎగాదిగా చూసి, లేదు సార్, దీని తర్వాత ఇక ట్రాక్టరే అన్నాడు, అతని వెనక నిలబడ్డ ఇద్దరు మొహాలు పక్కకి తిప్పుకున్నారు, నవ్వుకోనీ, నాకు కావలసింది దొరికింది.

ఊరు దాటాక కుడివైపు మూసేసిన రాతి క్వారీకి పోయే దారి, అంతా రాళ్ళు, ఆదివారం ఎటో ఒకవైపు బయటికి వెళ్ళడం మా ఇంట్లో మొదటినుంచీ ఉన్న అలవాటు, అప్పుడు ముగ్గురం, వెనక సీట్లో కాళ్ళు బార్లా చాపుకుని మా అమ్మాయి, బొమ్మి అని పిలిచేవాళ్ళం, పంతొమ్మిదేళ్ళొచ్చినా అదే పిలుపు, తర్వాత ఇద్దరం, ఇంట్లో కూర్చోలేక, పాత బండి లోపల ఎంత నిశ్శబ్దమంటే మా పరీక్ష గదికి చక్రాలు పెట్టినట్టే, ఆవిడ గుటక మింగితే వినపడేది, సంచీ కుట్టు మీద గోరు గీస్తే వినపడేది, నా చేతి గడియారం కూడా వినపడేది, ఆవిడ చెప్పని మాటా వినపడేది, అది నాది కూడా, ఆ రోజు, కాలేజీ ఉన్న రోజే, ఇదే వేళ, ఆ బండిలోనే, హాల్లోకి ఏ రంగు కర్టెన్లు వెయ్యాలని పోట్లాడుకుంటున్నాం, అవును, కర్టెన్లే, బయట వాన, బండి తెర మీద బొమ్మి ఫోటో వెలిగింది, నాలుక బయటపెట్టి దిగిన ఫోటో, బండంతా రింగు మోగింది, ఇద్దరం చూశాం, వేలు చాచి కట్ చేశాను, ముందు ఇది తేలనీ, ఇంటికెళ్ళి చేద్దాం అన్నాను, ఆవిడ వద్దనలేదు, తియ్యండి అనలేదు, ఆకుపచ్చ వద్దని చెప్పానా అంది, కాలేజీ గేటుకి మేము పది నిమిషాల దూరంలో ఉన్నాం, నాన్నా వచ్చి తీసుకెళ్ళు అనడానికే చేసి ఉంటుంది, మరెందుకు చేస్తుంది, వానలో మరెందుకు, ఎత్తకపోయేసరికి స్నేహితురాలి స్కూటీ వెనక ఎక్కింది, మలుపులో జారింది, అంతే, ఆ పిల్ల బతికింది, మాది పోయింది.

పద్నాలుగు నెలలైంది, ఆ ఫోను సంగతి నేనెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు, మా బావమరిదికి కూడా తెలియదు, నన్ను తిట్టు తల్లీ, నువ్వే చంపావు దాన్ని అని ఒక్కసారి అను, కాళ్ళ మీద పడిపోతాను, అనదు, బహుశా ఆవిడ కూడా అలాగే ఎదురు చూస్తోందేమో, నువ్వైనా తియ్యమనలేదేం అని నేనంటానేమో అని, అనను, ఛ, ఎలా అంటాను, పరీక్షకి వచ్చేవాళ్ళ వెంట ఇంట్లోవాళ్ళు వస్తారు కదా, వాళ్ళకి నేనెప్పుడూ ఒక మాట చెబుతాను, వినపడనివాళ్ళకి ముందు పోయేవి పెద్ద మాటలు కావు, పెద్ద మాటలు అరిచైనా చెబుతారు, పోయేవి చిన్నవి, ఏంటి అని అడిగితే ఏం లేదులే అని మీరు వదిలేసేవి, పాలవాడు రాలేదు, పక్కింటి పిల్ల మొదటి అడుగు వేసింది, అవి చెప్పడం మానకండి అంటాను, వేదికెక్కినవాడిలా గొంతు సవరించుకుని మరీ అంటాను, ఇంటికొచ్చి నేను ఏంటి అంటే ఆవిడ ఏం లేదులెండి అంటుంది, చెవులు బాగానే ఉన్నాయి ఇద్దరికీ, పాత బండి ఇచ్చేసే రోజున కొనుక్కునేవాళ్ళ తరఫున ఒకాయన వచ్చి అన్నీ చూసుకుని, సార్, ఇందులో మీ ఫోన్ల జాబితా ఉంది తీసెయ్యనా అన్నాడు, నేను తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో, ఆయన తెర మీద రెండుసార్లు తాకాడు, ఎత్తని కాల్ ఒకటి, బొమ్మి, నాలుగూ పన్నెండు, పోయింది, అయిపోయింది సార్ అన్నాడు, చాలా మర్యాదగా, నేను థాంక్స్ చెప్పాను, ఆయనకి థాంక్స్ చెప్పాను నేను.

ఈ బండిలో మొదటి రెండు ఆదివారాలు ప్రాణం హాయిగా ఉంది, ఒట్టు, ఈ మోతలో ఎవరూ మాట్లాడుకోరు, మాట్లాడుకోకపోవడం మా తప్పు కాదు, బండిది, ఇద్దరం ఇంజను మీదికి నెట్టేసి హాయిగా కూర్చున్నాం, మూడో ఆదివారం ఇదే రాళ్ళ మీద ఆవిడ దవడ కదలడం చూశాను, ఏదో నములుతోందనుకున్నాను, తర్వాత పాడుకుంటోందేమో అనుకున్నాను, కాదు, మాట్లాడుతోంది, మొహం కిటికీకి తిప్పుకుని మాట్లాడుతోంది, వింటానని భయం లేదు కనక అంటోంది, పద్నాలుగు నెలలుగా దాచినదంతా, నన్నే, నన్ను కాక ఎవరిని, వేగం తగ్గించాను, ఆవిడ మాట ఆగిపోయింది, ఇంజను ఆపేశాను, ఏమైందండీ ఆపారేం అంది మామూలుగా, టైర్లో గాలి చూద్దామని అన్నాను, దిగి నాలుగు టైర్లనీ తన్ని వచ్చి కూర్చున్నాను, మళ్ళీ రాళ్ళలోకి పోగానే మొదలుపెట్టింది, అప్పటినుంచి ఎన్ని ఆదివారాలో, వెనక రోడ్డు చూసుకునే అద్దాన్ని కొంచెం కొంచెంగా ఆవిడ వైపు తిప్పాను, ఈ దారిలో నా వెనక వచ్చే వెర్రివాడెవడు, పెదవులు చూసి మాట పోల్చడం నాకు చాలావరకు వచ్చు, రోజూ పెదవులు చూసేవాళ్ళ మధ్యే నా బతుకు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు, అందుకే మొహం అటు, నాకు చెంప, చెవి, నెరిసిన జుట్టు, అవే కనపడేవి, ఒక్క ముక్క దొరికితే చాలు, నీవల్లే అన్న ఒక్క ముక్క, దాన్ని పట్టుకుని ఏడ్చేవాణ్ణి, ఏడ్చి నేనూ చెప్పేవాణ్ణి, ఎక్కడో ఒకచోట మొదలయ్యేది, ఈ పిచ్చి ఆశతోనే వారమంతా గడుస్తోంది నాకు.

ఇవాళ ఎండ ఆవిడ కిటికీలోంచి సూటిగా పడుతోంది, చెయ్యి అడ్డం పెట్టుకుంది, కాసేపు ఓర్చుకుంది, ఓర్చుకోలేక ఇటు తిరిగింది, నా వైపు కాదు, ఇంకొంచెం వెనక్కి, రెండు సీట్ల సందులోంచి, తిరిగి మాట్లాడుతూనే ఉంది, నేను రోడ్డు మీదే కళ్ళు పెట్టినట్టు కూర్చుని అద్దంలోకి చూశాను, పెదవులు కలిశాయి, గుండ్రంగా విడిపోయాయి, మళ్ళీ కలిశాయి, ఈ లోకంలో నేను తేలిగ్గా పోల్చగల పేరు అదొక్కటే, బొమ్మీ, మళ్ళీ బొమ్మీ, తర్వాత పిల్లి అంది, మెట్ల మీద అంది, నాలుగు వేళ్ళు చూపించింది, ఒకదానికి అని ఏదో అని, చూపుడువేలు సగానికి మడిచి, తోక లేదన్నట్టు తిప్పింది, మా మెట్ల మీద పిల్లి ఈనిందా, ఎప్పుడు, నేను రోజూ ఆ మెట్లే దిగుతాను, నాకెవరూ చెప్పలేదు, ఆవిడ నవ్వింది, పళ్ళు కనపడేలా నవ్వింది, పద్నాలుగు నెలలకి, ఒక చెయ్యి వెనక సీటు మీద వెల్లకిలా పెట్టి ఉంది, ఎవరో పట్టుకుంటారన్నట్టు, నన్ను తిట్టడం లేదు, నన్నేమీ అనడం లేదు, ఆ మాటల్లో నేను ఎక్కడా లేను, ఇన్ని ఆదివారాలూ నాకు శిక్ష పడుతోందని సంబరపడ్డాను, చేతికి తగిలేది శిక్షైనా చాలనుకున్నాను, అదీ లేదు.

దారి చివర క్వారీ చుట్టి వచ్చి కొత్తగా వేసిన తారు రోడ్డులో కలుస్తుంది, నల్లగా, నున్నగా, ఎదురుగా వచ్చేసింది, దాని మీదికి ఎక్కితే మోత పడిపోతుంది, ఆవిడ నోరు మూతపడుతుంది, కాలు బ్రేకు మీద ఉంది, నేనూ ఒక్కసారి అనాలనిపించింది, బొమ్మీ నాన్న కూడా ఇక్కడే ఉన్నాడమ్మా అని, గొంతు దాకా వచ్చింది, పెదవులు కలిశాయి కూడా, అంటే ఏమవుతుందో తెలుసు, నేను చూశానని ఆవిడకి తెలుస్తుంది, తెలిసిన క్షణం నుంచి ఇక ఎక్కడా, ఏ బండిలోనూ మాట్లాడదు, పిల్ల రెండోసారి పోతుంది, ఈసారీ నా చేతే, మింగేశాను, స్టీరింగు మొత్తం తిప్పి బండిని మళ్ళీ రాళ్ళలోకి దించాను, గేరు తగ్గించాను, అక్కర్లేకపోయినా యాక్సిలరేటరు గట్టిగా తొక్కాను, అద్దాన్ని వెనక రోడ్డు కనపడేలా తిప్పేశాను, ఆవిడ చెబుతోందని సీటు కదలికను బట్టే తెలుస్తోంది, ఇక నాకేదో చెబుతుందనీ, నేనేదో చెబుతాననీ, ఒకరోజు ఇద్దరం కూర్చుని ఏడుస్తామనీ అనుకోవడానికి ఏమీ లేదు, అది కాదు నా వంతు, తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవాలంటే నేను మోత చెయ్యాలి, నాకు మిగిలిన సంసారం అంతే.