బావగారి సెట్టింగులు

కొత్త కంప్యూటర్ బల్ల మీదికి వచ్చిన రోజే బావగారూ వచ్చారు. పిలిచినవాళ్లెవరూ లేరు. ఆయన ముప్పై ఏళ్లు ఓ పెద్ద కంపెనీలో కంప్యూటర్ విభాగానికి అధిపతిగా చేసి రిటైరయ్యారు. అప్పట్నుంచీ చుట్టాల ఇళ్లలో ఎక్కడ తెర వెలిగినా అక్కడ ప్రత్యక్షమవుతారు. "నువ్వు లేమ్మా, నేను చూస్తాగా" అంటూ మరదలి కుర్చీలో చతికిలబడ్డారు.

మరదలు యంత్రాల వాడకం పుస్తకాలు అనువదిస్తుంది. నీళ్ల పంపులు, బట్టలుతికే మిషన్లు, ఒకసారి దంతవైద్యుల కుర్చీ కూడా. తొమ్మిదేళ్లుగా రాసిందంతా ఒకే ఎడిటర్లో, అంటే రాసుకునే ప్రోగ్రాములో. చూడ్డానికి ఉత్త నల్ల తెర, కానీ మనకు కావలసినట్టు మలుచుకోవచ్చు. ఏ మీట నొక్కితే ఏం జరగాలో ఒక ఫైలులో రాసిపెడితే, తెరిచిన ప్రతిసారీ అది చదువుకుని అలాగే నడుచుకుంటుంది. ఆమె ఫైలు మూడొందల పైచిలుకు లైన్లు. "హె" అని కొట్టి ఒక మీట నొక్కితే "మరమ్మతుకు ముందు కరెంటు తీసేయండి" అన్న హెచ్చరిక మొత్తం వచ్చి పడేది. పాత కంప్యూటర్ కన్నుమూసేలోపు ఆ ఫైలును పెన్‌డ్రైవులో దాచుకుంది. కొత్తదాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. అదీ బావగారి సలహాయే. ఆమె భర్త అన్నగారి గీత దాటడు.

బావగారు ఎడిటర్ ఎక్కించారు. ఫైలును కంప్యూటర్‌తో పాటు వచ్చిన నోట్‌ప్యాడ్‌లో తెరిచి, తనకు అర్థంకాని లైన్లన్నిటినీ చెత్త అని పేరుపెట్టి కొట్టేశారు. మిగిలినదాన్ని కంప్యూటర్లో సేవ్ చేశారు. ఆమె చేసిన తెలివైన పని ఒక్కటే, అడక్కుండానే పెన్‌డ్రైవు పీకి జాకెట్లో దోపుకుంది. తర్వాత ఎడిటర్ తెరిస్తే ఒక్క సెట్టింగూ పట్టలేదు. హెచ్చరిక లేదు, ఏమీ లేదు.

రెండోరోజు ఎవరో ఇంటర్నెట్లో పెట్టిన సెట్టింగులు తెచ్చి అతికించారు. కంప్యూటర్‌ను ఆపి వెలిగించారు, పదకొండుసార్లు. ఆమె లెక్కపెట్టింది, చేసేందుకు వేరే పనేముంది గనక. మూడోరోజుకు ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా ఎడిటర్ మీదికి తోశారు. ఇవి పాతకాలపు సరుకట, బుద్ధున్నవాళ్లెవరూ వాడరట, కంప్యూటర్‌తో పాటు వచ్చినదాంట్లో హాయిగా రాసుకోవచ్చట. ఆమె వెనక నిలబడి టీ కప్పు అందిస్తూ ఆయన బట్టతల వెనుక భాగాన్ని చూసింది. ముప్పై ఏళ్లు ఈ తల కింద ఎంతమంది పనిచేసి ఉంటారో పాపం అనుకుంది. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. గురువారానికి పంపుల పుస్తకం పంపాలి, తన బల్ల, తన పని, తను మాత్రం మూడు రోజులుగా టీలు మోస్తోంది.

నాలుగోరోజు పొద్దున బావగారు రాకముందే కూర్చుంది. ముందుగా ఎడిటర్ సహాయం పేజీలు తెరిచి, ఈ సిస్టమ్‌లో సెట్టింగుల ఫైలు ఏ ఫోల్డర్లో, ఏ పేరుతో ఉండాలో చదివింది. బావగారు పెట్టిన చోటు సరైనదే. పేరూ సరిగ్గానే కనిపిస్తోంది. పట్టకపోవడమేమిటి? ఫోల్డర్ మెనూలో ఫైలు పేర్లు పూర్తిగా చూపించమని టిక్కు పెట్టింది. అప్పుడు బయటపడింది తోక. సేవ్ చేసేటప్పుడు నోట్‌ప్యాడ్ తనంతట తానే పేరు చివర ".txt" తగిలించింది, సిస్టమ్ దాన్ని దాచేసింది. వేరే పేరున్న ఫైలును ఎడిటర్ చదవలేదు, అంతే.

ఆమె ఆ ఫైలును తీసిపారేసి, పెన్‌డ్రైవులోని అసలు ఫైలును సరైన పేరుతో పెట్టింది. పాత కంప్యూటర్లోని ఫోల్డర్ల దారులున్న రెండు లైన్లు మార్చింది. ఒత్తులు అక్షరాల కింద నిలవక పక్కకు జారుతుంటే అక్షరాల ఫాంటు పేరు మార్చింది. మొత్తం ముప్పావుగంట. "హె" కొట్టి మీట నొక్కింది. హెచ్చరిక వచ్చి పడింది.

బావగారు పదిగంటలకు వచ్చారు. ఆమె లేవలేదు. సంగతేమిటో రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఆ తోక సంగతి నాకు మొదట్నుంచీ తెలుసమ్మా. నీ అంతట నువ్వు కనుక్కుంటావేమోనని ఊరుకున్నా."

ఈ మాటకు ఆమెకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద కాస్తయినా గౌరవం మిగలాలి.

"మంచిపని చేశారు బావగారూ. కనుక్కున్నాను. ఇక మీరు కష్టపడక్కర్లేదు."

ఆయన వంటగది గడియారం తప్పు చూపిస్తోందేమో చూస్తానంటూ లోపలికి వెళ్లారు. ఆ మధ్యాహ్నమే తోడికోడలు ఫోన్ చేసి, మా ఆయన మూడు రోజులు కూర్చుని నీకంతా అమర్చిపెట్టారటగా అంది. మరదలు విషయం ఉన్నదున్నట్టు చెప్పింది. తోడికోడలు మెల్లగా, మా ఇంటి ప్రింటర్ కూడా ఆయన బాగుచేసినప్పట్నుంచే పనిచెయ్యట్లేదు అంది.

ఆ సాయంత్రం ఆమె కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టింది. భర్త నసిగాడు, అన్నయ్య అడిగితే ఏం చెప్పాలని.

"నాకు తెలియదని చెప్పండి. నిజమే కదా, మీకూ చెప్పను."

పంపుల పుస్తకం మాత్రం గురువారం కాదు, శుక్రవారం మధ్యాహ్నం వెళ్లింది. ఆలస్యానికి కారణమేమిటని పంపుల కంపెనీవాళ్లు అడిగారు. ఇంట్లో నిపుణులున్నారని రాసింది.