డ్రిల్ మాస్టారి డ్రాయింగ్ క్లాసు

డ్రిల్ మాస్టారికి కాలు ఒకచోట నిలవదని బడిలో అందరికీ తెలుసు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ వరసల వెంట పచార్లు చేస్తారు. స్టాఫ్ రూములో అందరూ కూర్చుని టీ తాగుతుంటే, ఆయన గ్లాసు పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ తాగుతారు. అలాంటి మనిషికి పెద్ద మేడమ్ డ్రాయింగ్ క్లాసు అంటగట్టారు. డ్రాయింగ్ టీచరు కాన్పు సెలవు మీద వెళుతోంది. బదులు మనిషి దొరకలేదు. ఆ పీరియడ్‌లో ఖాళీగా ఉన్నది ఈయనొక్కరే.

"మేడమ్, నాకు తెలిసిన గీత గ్రౌండులో సున్నంతో గీసేదే," అని మొత్తుకున్నారు.

"ఆ గీత తిన్నగానే ఉంటుంది కదండీ. ఒక్క టర్మేగా, నెట్టుకొచ్చెయ్యండి," అంటూ మేడమ్ ఫోనెత్తారు. ఇంక మాట్లాడేదేముంది?

వెళ్ళేముందు డ్రాయింగ్ టీచరు ఆయనకు గది చూపించింది. పొడవాటి బల్లల మీద ఏనాటివో రంగుల మరకలు, మూల ఒక సింకు, గోడ పొడవునా కట్టిన తాడు, దానికి బట్టల క్లిప్పులు.

"తొమ్మిదో తరగతి వాళ్ళకి ఇదే మొదటి డ్రాయింగ్ క్లాసు సార్. రాగానే రంగులిస్తారు, రెండు కొండల మధ్య సూర్యుణ్ణి వేసేయొచ్చు అనుకుంటారు. ఇవ్వకండి. ముందు పెన్సిలే. జగ్గో బూటో ఎదురుగా పెట్టి, కంటికి కనబడింది గీయమనండి. జగ్గు ఎలా ఉంటుందో తెలుసు కదా అని, తలెత్తకుండా తెలిసింది గీసేస్తారు. చూసింది గీయాలి. చెరపనివ్వకండి. చివర్లో బొమ్మలన్నీ ఈ తాడుకి తగిలించి, ఎవరికేం కనబడిందో చెప్పించండి. బాగుంది, బాగాలేదు అనే మాటలొద్దు."

"అంతేనా?"

"అంతే సార్. మొదటి టర్మంతా చూడ్డమే."

చూడ్డానికి టర్మెందుకో మాస్టారికి బోధపడలేదు. అయినా తలూపారు.

మొదటి రోజు స్టూలు మీద జగ్గు పెట్టి, విజిల్ ఊది, "మొదలెట్టండి!" అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. తర్వాత గది సద్దుమణిగింది. పెన్సిళ్ళ బరబర తప్ప చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ఆయనకు ఒంటికి పడలేదు. బల్లల మధ్య తిరగడం మొదలుపెట్టారు.

"సార్, మీరు తిరుగుతుంటే జగ్గు కనబడట్లేదు," అంది వెనక బల్ల పిల్ల.

ఆ పిల్లని క్లాసంతా రబ్బరు అని పిలిచేవారు. ఏ పీరియడ్‌లోనైనా రాసేది తక్కువ, చెరిపేది ఎక్కువ. కాగితం చిల్లు పడేదాకా రుద్ది, చిల్లు పడ్డాక కొత్త కాగితం అడిగేది. మాస్టారు ఆ పిల్ల చేతిలోని రబ్బరు లాక్కుని తన జేబులో వేసుకున్నారు. "ఆటలో ఫౌల్ చేస్తే చెరిపేసుకోడానికుందా? తప్పో ఒప్పో గీసెయ్." ఆమె మొహం మాడ్చుకుంది. కానీ గీసింది.

అలా జగ్గయింది, బూటయింది, విరిగిన కుర్చీ అయింది. తర్వాత మనిషి బొమ్మ. ఒకరు ముందు నిలబడాలి, మిగతావాళ్ళు చకచకా గీయాలి. నిలబడమంటే పిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. ఇలా అయితే తెల్లారినట్టేనని మాస్టారే ముందుకొచ్చారు. గుండు విసిరే భంగిమలో ఒంగారు, పరుగుకు సిద్ధమైనవాడిలా వేళ్ళు నేలకానించారు, ఈటె ఎత్తినట్టు చెయ్యి వెనక్కి లాగారు. పిల్లలకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకూ ఈ ఉద్యోగం మొదటిసారి తనదే అనిపించింది.

"ఇప్పుడు ఊరికే నిలబడండి సార్. కొంచెంసేపు, కదలకుండా," అన్నారెవరో.

ఊరికే నిలబడటం! ఎప్పుడు నిలబడ్డారు కనుక? కాసేపటికే వీపంతా చెమట పట్టింది. కిటికీ బయట గ్రౌండు పిలుస్తున్నట్టుంది. పళ్ళు బిగబట్టి, "అయిందా? ఇంకా అవలేదా?" అని అడుగుతూనే నిలబడ్డారు.

బొమ్మలు తాడుకు తగిలించారు. ఏ బొమ్మలోనూ మాస్టారి మొహం పోలిక రాలేదు. ఒకడు మాత్రం ఆయన పొట్టను నిండుకుండలా వేసి అందర్నీ నవ్వించాడు. ఆయన కూడా నవ్వి, "చెప్పండి, ఎవరికేం కనబడింది?" అన్నారు.

రబ్బరు లేచింది. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చూసింది. "అన్ని బొమ్మల్లోనూ సారు కుడి పక్కకే ఒరిగి ఉన్నారు. ఎడమ మడమ నేలకి ఆనలేదు. నేనొక్కదాన్నే తప్పు వేశాననుకున్నాను, కానీ అందరికీ అలాగే వచ్చింది." ఆగి, మెల్లగా అడిగింది. "ఆ కాలు నొప్పా సార్?"

మాస్టారి మొహం కందగడ్డయింది.

"గీయడం చేతకాక, వంకర్లు తెచ్చి నా కాలికి పెడతారా?" అని ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. జేబులోంచి రబ్బరు తీసి బల్ల మీదకు విసిరారు. "చెరుపు. చెరిపి తిన్నగా గీయి."

ఆ పిల్ల రబ్బరు చేతిలోకి తీసుకుంది. బొమ్మ వంక చూసింది. కళ్ళనిండా నీళ్ళు, చెయ్యి మాత్రం కదల్లేదు. "నాకు కనబడింది అదే సార్," అంది.

మాస్టారు గంట కొట్టకముందే క్లాసు వదిలేశారు.

నిజానికి ఆ మోకాలు రెండేళ్ళ కిందటే చెడింది. పిల్లలకు హర్డిల్ దూకి చూపించబోయి పడ్డప్పుడు లోపలేదో కలుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. ప్యాంటు కింద పట్టీ చుట్టుకుని తిరిగారు. పరిగెత్తలేని డ్రిల్ మాస్టారిని ఎవరుంచుకుంటారు? నడుస్తూ ఉంటే అవిటితనం తెలియదు, నిలబడితేనే బయటపడుతుంది. అందుకే నిలబడటం మానేశారు. అలా మానేశానన్న సంగతి ఆయనకే ఇవాళ తెలిసింది.

ఇంటికెళ్ళాక కుదురు లేదు. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి. అన్నం ముందు కూర్చున్నట్టే కూర్చుని లేచిపోయారు.

"ఏంటండీ కాలు కాలిన పిల్లిలా! మీరు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది భార్య.

మాస్టారు వెళ్ళి బీరువా అద్దం ముందు నిలబడ్డారు. రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడాలని చూశారు. మోకాలు భగ్గుమంది. ఒళ్ళు దానంతటదే కుడి పక్కకు ఒరిగింది, అచ్చం ఆ కాగితాల్లోలాగే. వెనక నుంచి భార్య అద్దంలో చూస్తోంది.

"ఆ కాలికేమైంది?"

ఇక దాచలేక చెప్పేశారు. ఆవిడ మంచం మీద కూలబడింది. జాలిపడుతుందనుకున్నారు కానీ, ఆవిడకు కోపం ముంచుకొచ్చింది.

"రెండేళ్ళా! ఒకే ఇంట్లో ఉంటూ రెండేళ్ళు నాకు చెప్పలేదా? పిల్లలకి ఒక్క పీరియడ్‌లో కనిపించింది. నాకెందుకు కనిపించలేదు చెప్పండి? మీరెప్పుడైనా నా ఎదురుగా కుదురుగా ఉంటేగా!"

పొద్దున్నే ఆవిడే ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. మోకాల్లో మెత్తటి ఎముక చిరిగిందని, ఆపరేషన్ చేయాలని, ఆ తర్వాత నడకకు ఢోకా లేదు కానీ పరుగులూ గెంతులూ ఇక మరిచిపోవాలని డాక్టరు చెప్పాడు.

పెద్ద మేడమ్ అంతా విని కాసేపు పెన్ను తిప్పారు. "గ్రౌండుకి రేపటికల్లా ఎవరైనా కుర్రాణ్ణి చూస్తాను. ఆపరేషన్ దాకా మీరు డ్రాయింగ్ చూసుకోండి. తర్వాత సంగతి కమిటీని అడిగి చెబుతాను." ఉంచుతామనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

మర్నాడు డ్రాయింగ్ గదిలోకి విజిల్ లేకుండా వెళ్ళారు. తిన్నగా వెనక బల్ల దగ్గరికి నడిచారు.

"అమ్మా, మొన్న నువ్వు చెప్పింది నిజం. నేనే అబద్ధమాడాను. నీ మీద అరవకుండా ఉండాల్సింది."

రబ్బరు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది. పక్కనున్నవాడు, "ఇప్పుడెలా ఉంది సార్?" అని అడిగాడు. కాలికి ఏమైందో, డాక్టరు ఏమన్నాడో క్లాసు మొత్తానికి చెప్పారు. ఉద్యోగం సంగతి మాత్రం చెప్పలేదు.

గది మధ్యకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇవాళ కూర్చున్న మనిషి. పీరియడంతా ఇదే."

కూర్చోవడం అంత కష్టమని ఆయన కలలో కూడా అనుకోలేదు. బయట గ్రౌండులో కొత్త కుర్రాడు విజిల్ ఊదుతున్నాడు, అది కూడా ఊదాల్సిన చోట కాకుండా. లేచెళ్ళి చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. వేళ్ళు కుర్చీ చేతిని వాయించాయి.

"సార్, చెయ్యి," అన్నారు ముందు బల్లవాళ్ళు.

చెయ్యి ఆపారు. పాదం ఆడింది. దాన్నీ ఆపారు. ముప్పై జతల కళ్ళు తన మీదే పైకీ కిందకీ పోతున్నాయి. మొదట ఎవరో ఒంటి మీద చీమలు వదిలినట్టనిపించింది. పోనుపోనూ అలవాటైంది, పూర్తిగా మాత్రం కాదు.

గంట కొట్టేసరికి సగం బొమ్మలు సగంలోనే ఉన్నాయి. పిల్లలు నసిగారు. రేపు కూడా కూర్చుంటానని మాటిచ్చి, అందరి ముందే కుర్చీ చేతులు పట్టుకుని లేచారు.