ముందు గదిలో ట్యూషన్

"రోజా, ఒక్కసారి ఇటు రా, పిల్లలకు వర్బు చూపియ్యాలె" అని ముందు గదిలోంచి మా ఆయన సుధాకర్ పిలిచాడు. నా చేతుల నిండా చపాతీ పిండి, పొయ్యి మీద పాలు. సుధాకర్ సార్ ట్యూషన్ అంటే సిద్దిపేటలో మా గల్లీ చుట్టుపక్కల మంచి పేరే ఉంది. పగలంతా ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పి, సాయంత్రం ఇంట్లో పిల్లలను చాప మీద కూర్చోబెట్టి నౌన్లూ, ప్రొనౌన్లూ, అడ్జెక్టివులూ చెప్తాడు. వర్బు అంటే పనిని చెప్పే మాట కాబట్టి చేసి చూపిస్తే తొందరగా ఎక్కుతుందని ఆయన పద్ధతి. చేసి చూపించేదాన్ని నేను. సిట్ అంటే కూర్చోవాలి, స్టాండ్ అంటే లేవాలి, స్వీప్ అంటే చీపురు పట్టుకోవాలి. "ఆంటీ ఈజ్ స్వీపింగ్!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరుస్తారు. అప్పటిదాకా నిజంగా ఊడ్చినదాన్నే, మళ్ళీ ఊడుస్తున్నట్టు నటించాలి. "మా ఇంట్ల వర్బులకు తక్కువ లేదురా" అని ఆయన అంటే పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.

నవ్వుతూనే నేర్చుకున్నాను. వంటింటి గోడకు ఇవతల చెవులు రిక్కించుకుని రొట్టెలు చేస్తుంటే అన్నీ నాకూ వచ్చేశాయి. చపాతీ నౌను. గుండ్రం అడ్జెక్టివు. తొందరగా అనేది ఉంది చూశారూ, అది అడ్వర్బు. మా అత్తమ్మ నోట అది లేకుండా ఒక్క వాక్యం రాదు. అయ్యో, అబ్బా అనే మాటలకు కూడా ఇంగ్లీషువాళ్ళు ఒక పేరు పెట్టి గ్రామర్‌లో చోటిచ్చారని తెలిసిన రోజు నాకెంత సంతోషమేసిందో! ఆ సంతోషం చెప్పుకుందామంటే ఇంట్లో ఒక్క మనిషీ లేడు. ఇంటి నిండా మనుషులే, చెప్పుకోవడానికి మాత్రం లేరు.

నేను టెన్త్‌లో ఇంగ్లీషు ఒక్కటే తప్పాను. మళ్ళీ రాస్తానంటే పెళ్ళి చేశారు. ఇన్నేళ్ళకు ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకున్నాను. ఏప్రిల్‌లో పరీక్ష. ఈసారి కూడా తప్పితే మళ్ళీ ఈ గడప దాటతానని అడగడానికి నాకు ముఖం ఉండదు. "మీరు గంతమందికి చెప్తున్రు, నాకు గూడ జర చెప్పున్రి" అని ఆయనను అడిగాను. "గీ వయసుల నీకు ఇంగ్లీషెందుకు? పాలోడు ఇంగ్లీషుల మాట్లాడుతుండా?" అన్నాడు. "పొద్దంత బడిల అరిచి అరిచి వస్తడు నా కొడుకు, ఇంట్ల గూడ బడేనా?" అంది అత్తమ్మ. నన్ను కన్న అవ్వకు ఫోన్ చేశాను. తొగుట దగ్గరి మా ఊరు రిజర్వాయర్‌లో మునిగిపోయాక అవ్వ గజ్వేల్ పక్కన, ఊరు పోయినవాళ్ళకు కట్టిన కాలనీలో ఉంటోంది. "అల్లునికి కోపం తెప్పియ్యకు బిడ్డా" అని పెట్టేసింది. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ప్రిపొజిషన్లు పైకి చెప్పుకున్నాను. ఇన్, ఆన్, అండర్. మా ఊరు అండర్. నేను ఇంగ్లీషు తప్పిన ఆ బడి కూడా అండరే. అక్కడికి ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఇవాళ పిండి చేతులతోనే వెళ్ళాను. "సిట్" అన్నాడు. చాప మీద మైత్రి అనే పిల్ల కాస్త జరిగి జాగ ఇస్తే కూర్చున్నాను. "ఆంటీ ఈజ్ సిట్టింగ్!" అని అరిచారు.

"స్టాండ్."

లేద్దామనే అనుకున్నాను. కానీ ఎప్పుడూ బోర్డు పక్కనే కూర్చుని లేచేదాన్ని, మొదటిసారి అది నాకు ఎదురుగా కనిపించింది. బడి విడిచాక ఇన్నేళ్ళూ విన్నవే తప్ప ఆ మాటలను రాసి ఉండగా చూడలేదు. చెవికి అంత బాగా తెలిసినవి కంటికి ఎవరో కొత్తవాళ్ళలా ఉన్నాయి. చదవడానికే ఇంత తడుముకుంటుంటే, పరీక్షలో ఎట్లా రాస్తాను? భయమేసింది. ఆ భయంలోనే మోకాళ్ళు దగ్గరికి లాక్కుని సరిగ్గా సర్దుకుని కూర్చున్నాను.

"రోజా, లే" అన్నాడు, ఈసారి తెలుగులో.

"లేవ. పాఠం చెప్పున్రి, ఇంటున్న. నాకు ఏప్రిల్‌ల పరీక్ష ఉన్నది."

"పిల్లల ముంగట ఏంది గిది?"

"పిల్లల ముంగటనే గద, ఇన్నొద్దులు నన్ను కూసోబెట్టి లేపింది."

పిల్లలెవరూ నవ్వలేదు. లోపలి గదిలో టీవీ చూస్తున్న అత్తమ్మ కేక వేసింది. "ఏమే రోజా, పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్, ఏడున్నవే? తొందరగ రా!"

ఆయన వంటింటి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. అత్తమ్మ టీవీ ముందు నుంచి కదిలిన చప్పుడు లేదు. మాడు వాసన ముందు గది దాకా వచ్చింది. ఎవరు లేస్తారా అని పిల్లలతో పాటు నేనూ చూస్తూ కూర్చున్నాను.