వెనక్కి నెట్టి చూడు

మా ఆయన ముప్పై ఏళ్లు రైలింజను నడిపాడు. అందుకని బొమ్మరైళ్ల దుకాణంలో నన్ను నోరెత్తనివ్వలేదు. ఇంట్లో బల్ల మీద పరిచిన మా బొమ్మరైలుకు కావలసినవి బండిని పక్క లైనులోకి మళ్లించే పట్టాల ముక్కలు, స్విచ్‌లంటారు. వాటిలో ఒక రకం పొట్టిది, ఒక్కసారిగా వంపు తిరుగుతుంది. ఇంకో రకం పొడుగ్గా ఉండి నెమ్మదిగా తిరుగుతుంది.

"పొట్టివే తీసుకోండి, చోటు కలిసొస్తుంది," అంటూ దుకాణదారు ఇంజను పెట్టి నడిపి చూపించాడు. అది సాఫీగా వెళ్లింది. మా ఆయన తలూపాడు.

నాకు ఒళ్లు మండింది. సంచీలోంచి మా బండికున్న పొడవాటి పెట్టెలు రెండు తీసి ఇంజనుకు తగిలించాను.

"ఇప్పుడు వెనక్కి నెట్టు బాబూ."

పొట్టిదాని వంపులో పెట్టెలు ఒకదాన్నొకటి తోసుకుని పట్టాలు తప్పాయి. పొడుగుదాని మీద నిక్షేపంగా వెళ్లాయి.

"వెనక్కెవరు నడుపుతారే?" అన్నాడు మా ఆయన.

"మీరు దిగి ఇంటికొచ్చి పడుకున్నాక, రైల్వే యార్డులో జెండా ఊపి ఆ పెట్టెల్ని వెనక్కి నెట్టించిందెవరనుకున్నారు? పాతికేళ్లు నేనే!"

దుకాణదారు నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

"పొడుగువైతే మన బల్ల చాలదే," అని గొణిగాడు ఈయన.

"మీ పడక్కుర్చీ తీసేస్తే ఇంకో బల్ల పడుతుంది."

ఆయన ఏదో అనబోయాడు. చేతిలో జెండా లేకపోయినా యార్డులో లాగే, బండి కదలమన్నట్టు చెయ్యెత్తి ఊపాను. ఎంతైనా డ్రైవరు కదా, సిగ్నలందగానే కదిలి దుకాణదారు వైపు తిరిగాడు.

"పొడుగువే కట్టు బాబూ."